ఎండాకాలంలో సీప్యాప్‌తో నిద్ర: ఏసీయా, కూలరా? ఏ మాస్కు? తేమ ఎంత?

రోహిణి కార్తె దగ్గర పడేసరికి విజయవాడ, గుంటూరుల్లో సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపే మిషను) వాడేవాళ్లలో కొందరు మాస్కు తీసి అల్మరాలో పెట్టేస్తారు. "ఈ ఉక్కలో ముఖానికి ఇదొకటా, వానలు పడ్డాక చూద్దాంలే" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. మిషను ఆపిన కొద్ది రాత్రుల్లోనే గురక, ఊపిరి ఆగి ఆగి రావడం, పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉండడం మళ్లీ మొదలవుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అలా ఆపడం మరీ చేటు. మాస్కు తీసే బదులు వేడి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకుంటే చాలావరకు అక్కడే తగ్గించుకోవచ్చు.

ముందు ఒక సంగతి స్పష్టంగా తెలియాలి. సీప్యాప్ మిషను గాలిని చల్లబరచదు. వెనకో పక్కనో ఉన్న ఫిల్టరు గుండా గదిలోని గాలినే పీల్చుకుని, లోపలి మోటారుతో ఒత్తిడి పెంచి ముక్కుకు పంపుతుంది. ఆ దారిలో గాలి ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10, 11 మోడళ్లను 5 నుంచి 35 డిగ్రీల గదిలో వాడమని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. మిషను నుంచి వచ్చే గాలి గది కంటే వేడిగా ఉండొచ్చనీ అందులోనే రాసి ఉంటుంది. శ్లాబు కింద పై అంతస్తు గది మే నెలలో రాత్రి పది గంటలకు కూడా 35 దగ్గర ఉండడం మన దగ్గర వింతేమీ కాదు. కాబట్టి ఎంపికలు మూడు చోట్ల ఉన్నాయి: మిషనులోని హీటరు, గది, ముఖం మీది మాస్కు. మొదటిదానికి పైసా ఖర్చు లేదు గనక దానితోనే మొదలుపెట్టాలి.

హీటరు ఉంచాలా, ఆపాలా?

మిషనుకు నీళ్ల డబ్బా ఉంటే దాని కింద వేడి ప్లేటు ఉంటుంది. అదే హ్యుమిడిఫయర్. కొన్నిటికి ట్యూబులో కూడా సన్నని హీటరు తీగ ఉంటుంది. డిసెంబరులో పెట్టిన సెట్టింగే మే దాకా అలాగే ఉండిపోవడం చాలా ఇళ్లలో కనిపించే అసలు తప్పు. రెస్‌మెడ్‌లో తేమ 1 నుంచి 8 దాకా, ట్యూబు వేడి 16 నుంచి 30 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు. ఆటోలో వదిలేస్తే ట్యూబు 27 దగ్గర నడుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. గది 33 డిగ్రీలుంటే ట్యూబును 18కి తగ్గించినా గాలి 18 కాదు. ట్యూబులో ఉన్నది హీటరు తీగే, చల్లబరిచేదేమీ లేదు. ఏసీ లేని గదిలో ట్యూబు వేడి, తేమ రెండూ ఆఫ్ చేసేయండి. మనది కోస్తా. సాయంత్రం తూర్పు గాలి తిరిగాక గాలిలో తేమకు కొదవుండదు, దానికి మళ్లీ వేడి ఆవిరి కలిపితే ఊపిరి బరువుగా అనిపిస్తుంది. హీటరు ఆపాక గొంతు ఎండిపోతుంటే డబ్బాలో నీళ్లు మాత్రం ఉంచండి. గాలి నీళ్ల మీదుగా పోతూ కొంత తేమ పట్టుకుంటుంది, వేడి మాత్రం కలవదు.

ఏసీ గదిలో లెక్క వేరు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, అందుకే ముక్కు పొడిబారుతుంది. అక్కడ తేమ 2 లేదా 3తో మొదలుపెట్టి, మూడు నాలుగు రాత్రులు చూసి ఒక్కో అంకె మార్చండి. ముక్కులో మంట, పక్కులు కడుతుంటే పెంచాలి. ట్యూబులో నీటి బొట్లు, గుడగుడమనే చప్పుడు వస్తుంటే తగ్గించాలి. తేమ నిండిన గాలి చల్లని ట్యూబు గోడకు తగిలి నీరుగా మారుతుంది, ఆ నీరే అర్ధరాత్రి ముక్కు మీద చల్లగా పడి నిద్ర చెడగొడుతుంది. ఏసీ 18లో పెట్టి తేమ 6లో పెట్టే ఇళ్లలో ఇది తరచూ వస్తుంది. ట్యూబులో హీటరు లేనివాళ్లు దానికి పాత బనియను గుడ్డతో గొట్టంలా తొడుగు కుట్టుకుంటే చాలా తగ్గుతుంది.

నీళ్ల విషయంలో బేరం ఆడొద్దు. డబ్బాలో మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు పోస్తే కొద్దిరోజులకే అడుగున తెల్లని పక్కు కడుతుంది. ఆర్‌ఓ నీళ్లు బోరు కంటే నయమే గానీ వాటిలోనూ కొంత లవణం మిగులుతుంది, ఒకటి రెండు రాత్రులకు సరిపెట్టుకోవచ్చు. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ వద్దు. అది బ్యాటరీల కోసం నింపిన నీరు, ఊపిరికి పోయే శుభ్రత దానికి అక్కర్లేదు. ఫ్రిజ్ నీళ్లో ఐసో వేస్తే కాసేపు చల్లగా ఉంటుంది, హీటరు ఆన్‌లో ఉంటే అదీ ఉండదు. రాత్రి మిగిలిన నీళ్లు పొద్దున్నే పారబోయాలి. ఎండాకాలంలో నిలవ నీరు ఒక్క రోజులో వాసన పట్టగలదు. డబ్బా మూత తెరిచి నీడలో ఆరబెట్టి, చీమలు, బొద్దింకలు చేరకుండా పలచని గుడ్డ కప్పండి.

ర్యాంప్ సంగతి

కొందరికి ఉక్కగా అనిపించేది నిజానికి గాలి చాలకపోవడం వల్ల. ర్యాంప్ ఆన్‌లో ఉంటే మిషను ఒత్తిడి 4 (సెంటీమీటర్ల నీటి ఒత్తిడి) దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది. ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు మాస్కు రంధ్రాల గుండా బయటికి పోయే గాలి కూడా తక్కువే. వదిలిన వెచ్చని ఊపిరి పూర్తిగా పోకముందే మళ్లీ అదే పీల్చినట్టుంటుంది. చలికాలంలో పట్టించుకోని ఈ ఇబ్బంది ఎండల్లో ఊపిరాడనట్టు చేస్తుంది. పడుకున్న మొదటి పావుగంటలోనే మాస్కు పీకేయాలనిపిస్తుంటే, ర్యాంప్ మొదటి ఒత్తిడిని 5 లేదా 6కి పెంచవచ్చా అని డాక్టరును అడగండి. అసలు ఒత్తిడిని మాత్రం మీ అంతట మీరు ముట్టుకోకండి.

గది: ఫ్యానా, కూలరా, ఏసీయా?

పై అంతస్తు గదికి ఏదైనా కొనే ముందు శ్లాబు వేడి సంగతి చూసుకోవాలి. పగలంతా ఎండను తాగిన శ్లాబు రాత్రి పన్నెండు దాకా కిందికి వేడి వదులుతూనే ఉంటుంది. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింటు, కుదరకపోతే మామూలు సున్నం వేయించండి. పొద్దు వాలాక శ్లాబు మీద బకెట్లతో నీళ్లు చల్లితే ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. పగలు కిటికీలు మూసి కర్టెన్లు వేసి, బయటి గాలి లోపలి కంటే చల్లబడ్డాకే తెరవాలి.

ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటను ఆరుస్తుంది. కింది అంతస్తులో ఉండి గది రాత్రి 30 దగ్గరకు దిగేవాళ్లకు ఫ్యాను చాలు. మామూలు సీలింగు ఫ్యాను 70–80 వాట్లు తింటే బీఎల్‌డీసీ (బ్రష్ లేని మోటారు) ఫ్యాను పూర్తి వేగంలో 30–35 వాట్లతో సరిపెట్టుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి ఈ తేడా విలువ బాగా తెలుస్తుంది.

కూలర్ విషయంలో మన దగ్గర జాగ్రత్తగా ఆలోచించాలి. పడమటి వడగాలి వీచే మే మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది గనక కూలర్ గాలి పది డిగ్రీల దాకా దిగుతుంది. అదే కూలర్, రాత్రి సముద్రపు గాలి తేమ తెచ్చాక మూడు నాలుగు డిగ్రీలు దించడం కూడా కష్టమే. సీప్యాప్ వాడేది రాత్రి కాబట్టి పగటి చల్లదనం చూసి కొంటే మోసపోతాం. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో అయితే కూలర్ ఉన్నదీ లేనిదీ ఒకటే, పైగా పక్కబట్టలు చెమ్మగిల్లుతాయి. అయినా ఏసీ అందుబాటులో లేనివాళ్లకు ఏప్రిల్, మే నెలల్లో కూలర్ పనికొచ్చేదే. గది లోపల తలుపులన్నీ మూసి పెట్టకూడదు. కూలర్‌ను కిటికీ దగ్గర బయటి గాలి లాగేలా పెట్టి, ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉంచాలి. కూలర్ నడుస్తున్నంతసేపూ మిషను తేమ ఆఫ్‌లోనే ఉండాలి. మిషను కూలర్ గాలికి ఎదురుగా ఉంటే నీటి తుంపర, వట్టివేళ్ల పొట్టు ఫిల్టరులో చేరతాయి, తడిసిన ఫిల్టరు గాలిని అడ్డుకుంటుంది. తొట్టి నీళ్లు రోజూ మార్చండి. పాకుడు పట్టిన కూలర్ వాసనంతా నేరుగా ముక్కులోకే వస్తుంది, దోమలు కూడా అక్కడే పెరుగుతాయి.

ఏసీకి ఖర్చు ఎక్కువే. కానీ పై అంతస్తులో పడుకునేవాళ్లకూ, మాస్కుతో పాటు గుండె జబ్బో లావో ఉన్నవాళ్లకూ మా సలహా ఏసీయే. కొత్త ఖరీదైన మాస్కు కంటే ముందు ఆ డబ్బు ఏసీకి పెట్టడం మేలు. 10×12 అడుగుల గది కింది అంతస్తు అయితే 1 టన్ను చాలు, శ్లాబు కింద అయితే 1.5 టన్ను కావాలి. ఇన్వర్టర్ రకమే తీసుకోండి. 25 లేదా 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఆ చల్లదనం మాస్కు పెట్టుకోవడానికి చాలు, ట్యూబులో నీరూ చేరదు, రాత్రికి సుమారు 4–7 యూనిట్లతో బయటపడొచ్చు. కూలర్‌కు అదే రాత్రి ఒకటి, ఒకటిన్నర యూనిట్లు అవుతుంది.

డాబా మీద పడుకోవడం అలవాటున్నవాళ్లు మిషనును అక్కడికీ తీసుకుపోవచ్చు. నీళ్ల డబ్బా ఖాళీ చేశాకే మిషనును కదపాలి, ఒరిగితే నీరు మోటారులోకి పోతుంది. కింది గది నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగండి, జాయింట్లు వేసిన వైరు వద్దు. మే నెలలో గాలివాన చెప్పి రాదు. మబ్బు పట్టిన రాత్రి కిందనే పడుకోండి.

మిషను ఎక్కడ పెట్టాలి

ఏసీ గదిలో చల్లగాలి నేల దగ్గర చేరుతుంది. మంచం కంటే తక్కువ ఎత్తున్న స్టూలు మీద మిషను పెడితే అది పీల్చేది ఆ చల్లగాలే. ట్యూబులో చేరిన నీరు కూడా ముఖం వైపు కాక డబ్బా వైపే జారుతుంది. నేల మీదే పెట్టేస్తే దుమ్ము పీలుస్తుంది. గోడకు జానెడు దూరం వదలండి, దుప్పటి అంచు గాలి దారికి అడ్డం పడకూడదు. ఫ్రిజ్ వెనక, స్టెబిలైజరు పక్కన, పడమటి ఎండకు కాలిన గోడ దగ్గర పెడితే మిషను వేడిగాలే పీల్చి పంపుతుంది.

దోమల చక్రం వెలిగించిన గదిలో సీప్యాప్ వేసుకోవద్దు, ఆ పొగ ట్యూబులో నుంచి నేరుగా లోపలికి పోతుంది. దోమతెర కట్టి, మిషను తెర బయట పెట్టి, ట్యూబు మాత్రం అంచు కింద నుంచి లోపలికి తీసుకోండి. గుంటూరులో మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఉండేవాళ్లు సీజనులో ఫిల్టరును వారం వారం వెలుతురులో పెట్టి చూడాలి. బూడిద రంగుకు తిరిగితే తేదీ చూడకుండా మార్చేయండి. రెస్‌మెడ్ ఫిల్టర్లు కడిగేవి కావు. కడిగే స్పాంజి ఫిల్టరు ఉన్న మిషన్లలో అది పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి.

మాస్కు: చర్మానికి ఎంత తక్కువ తగిలితే అంత మేలు

ఎండాకాలానికి మా మొదటి ఓటు నేజల్ పిల్లోస్‌కే. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనుతుంది, బుగ్గలు, నుదురు ఖాళీగా ఉంటాయి, మీసం ఉన్నా లీకు రాదు. రెస్‌మెడ్ పీ10 లాంటి మాస్కుకు ట్యూబు ముక్కు ముందు నుంచే వస్తుంది, ముఖం మీద సన్నని పట్టీలే ఉంటాయి. నడినెత్తిన ట్యూబు తగిలించే రకాల్లో బోలు సిలికాన్ చేతులు బుగ్గల మీదుగా దిగుతాయి. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు అవి హాయే. ఉక్కలో మాత్రం వాటి కింద చెమట పడుతుంది. ఒత్తిడి బాగా ఎక్కువైతే పిల్లోస్ గాలి ముక్కులో గుచ్చినట్టు ఉంటుందని కొందరికి ఇబ్బంది, వాళ్లకు ముక్కును కప్పే మామూలు నేజల్ మాస్కు సరిపోతుంది.

నోటితో ఊపిరి పీల్చేవాళ్లకు ముక్కు, నోరు రెండిటికీ గాలి పంపే ఫుల్ ఫేస్ మాస్కు తప్పదు. దానిలోనూ ముక్కు పైదాకా కప్పేది కాకుండా ముక్కు కింద ఆనే రకం, రెస్‌మెడ్ ఎఫ్30 లాంటిది తీసుకుంటే చెమట పట్టే మేర బాగా తగ్గుతుంది. మెమరీ ఫోమ్ మాస్కు మెత్తగా ఉంటుంది, లీకు తక్కువ, కానీ నీళ్లతో కడగడానికి వీల్లేదు. నెలకోసారి ఫోమ్ మార్చుకోవాలి. చెమట ఎక్కువ పట్టే మన వాతావరణంలో ఆ ఖర్చు లెక్క వేసుకునే కొనండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అయస్కాంత క్లిప్పులున్న మాస్కు తీసుకోకూడదు.

చెమటకు మాస్కు జారడం, అక్కడ సుయ్ మని గాలి పోవడం, కళ్లు ఎండడం, విసుగుతో పట్టీలు బిగించడం, పొద్దునకు ముక్కు మీద ఎర్రటి గాటు పడడం: ఇదంతా ఒక్క గొలుసు. బిగించడం దీనికి విరుగుడు కాదు. సిలికాన్ అంచు పలచని పొర, గాలి నిండితేనే చర్మానికి అంటుకుంటుంది. బిగిస్తే ఆ పొర మడతపడి లీకు ఇంకా పెరుగుతుంది. మిషను ఆన్‌లో ఉండగానే మాస్కును ముఖం నుంచి అంగుళం ముందుకు లాగి, పొర ఉబ్బాక మెల్లగా మళ్లీ ఆనించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పట్టీల కొలత కూర్చుని కాదు, పడుకుని చూసుకోవాలి.

పడుకునే ముందు ముఖం సబ్బుతో కడిగి తుడుచుకోండి. తలకు నూనె రాసుకునే అలవాటుంటే పొద్దున పూటకు మార్చుకోండి. నూనె సిలికాన్‌ను జిడ్డుచేసి జారేలా చేస్తుంది, పట్టీల సాగుడును పాడుచేస్తుంది. చెమటకాయలు వచ్చాయని మాస్కు కింద పౌడరు చల్లొద్దు, అది లీకు పెంచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత పంచె గుడ్డను మాస్కు ఆకారంలో, మధ్యలో రంధ్రం పెట్టి కత్తిరించి సిలికాన్ అంచు కింద పరిస్తే చెమట పీలుస్తుంది. నేజల్, ఫుల్ ఫేస్ మాస్కులకే ఇది కుదురుతుంది. నాలుగైదు కత్తిరించి పెట్టుకుని రోజూ మార్చండి. మర్నాడు మిషను తెర మీద లీకు చూడండి, రెస్‌మెడ్‌లో నిమిషానికి 24 లీటర్లు దాటితే గుడ్డ సరిగా కూర్చోలేదన్నమాట.

మాస్కు కుషను రోజూ, పట్టీలు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే ద్రవం వేసి కడగండి. ఎండలో మాత్రం ఆరేయొద్దు. మన ఎండకు సిలికాన్ పసుపెక్కి గట్టిపడుతుంది.

కరెంటు పోతే

హీటర్లు ఆపిన సీప్యాప్ సుమారు 10–20 వాట్లే తింటుంది. తేమ, ట్యూబు వేడి ఆన్‌లో ఉంటే 50 వాట్ల చుట్టుపక్కలకు పోతుంది. ఇంటి ఇన్వర్టర్‌కు 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే లెక్కకు 1800 వాట్‌అవర్లు, నమ్మకంగా వాడుకోగలిగేది వెయ్యి అనుకోండి. హీటరు ఆపిన మిషను, ఒక బీఎల్‌డీసీ ఫ్యాను అయితే తెల్లవార్లూ హాయిగా నడుస్తాయి. హీటరు ఆన్ చేసి మామూలు ఫ్యాను వేస్తే ఏడు గంటలు, బ్యాటరీ పాతదైతే మూడు నాలుగు గంటలు. ఏసీ దీని మీద నడవదు. అందుకే ఏసీ ఉన్నా ఫ్యాను, కిటికీ సిద్ధంగా ఉండాలి.

కొత్తగా కొంటే సైన్‌వేవ్ ఇన్వర్టరే కొనండి, చవక స్క్వేర్‌వేవ్ మీద అడాప్టరు వేడెక్కి మూలుగుతుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉంటే దాన్ని అందులో ఉంచండి, కరెంటు మారే క్షణంలో మిషను ఆగకుండా ఉంటుంది. ఒక పగటిపూట మిషను వేసుకుని, మెయిన్ ఆపించి, నడుస్తుందో లేదో ఇంట్లోవాళ్లతో కలిసి చూసుకోండి. ఇన్వర్టర్ లేనివాళ్లకు చెప్పాల్సింది ఒకటే: ఫుల్ ఫేస్ మాస్కుకు కరెంటు పోతే తెరుచుకునే గాలి కవాటం ఉంటుంది, అది ధూళితో బిగిసిపోకుండా కడిగేటప్పుడు చూసుకోవాలి. మిషను ఆగిందని మెలకువ వస్తే మాస్కు తీసేసి పక్కకు తిరిగి పడుకోండి. వెల్లకిలా కంటే పక్కకు పడుకుంటే చాలామందికి గొంతు తక్కువ మూసుకుంటుంది.

పాత మిషను కొనేటప్పుడు

సగం ధరకు వస్తుందని పాత ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ మొదటి రకం తీసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. లోపల శబ్దం తగ్గించే నురగ విరిగి గాలిలో కలిసే ప్రమాదం ఉందని కంపెనీ 2021 జూన్‌లో వాటిని వెనక్కి పిలిచింది. ఎక్కువ వేడి, తేమ ఉన్నచోట ఆ నురగ త్వరగా చెడుతుందని కూడా చెప్పింది, మన ఊళ్లలో ఉన్నవి ఆ రెండే. మరమ్మతు చేసి ఇచ్చినట్టు కాగితం ఉంటే తప్ప తీసుకోకండి. ఏ పాత మిషనైనా ట్యూబు తీసి గాలి వచ్చే రంధ్రంలో టార్చి వేసి చూడండి. నల్లని రేణువులు, బూజు వాసన ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి. బాగుంటే గంటసేపు నీళ్లు లేకుండా నడిపించి, అడుగున చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి ఆనించలేనంత వేడెక్కితే వదిలేయండి.